దుబాయి అనే ఊరు

మా బాన్సువాడ వైపు దుబాయి అంటే ఒక ఊరు పేరు కాదు. మస్కటు వెళ్ళినవాడూ, బహ్రెయిన్ వెళ్ళినవాడూ, సౌదీలో ఒంటెలు కాసేవాడూ అందరూ ‘దుబాయి పోయిండు’ అనే అనిపించుకుంటారు. నిజాంసాగర్ కాలువ పారే ఊళ్ళలో కూడా ఆ మాట వినబడని వాడ లేదు. అయితే ఆ పేరుగల అసలు ఊరు ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పేవారు తక్కువ. మొన్న జనవరిలో మా తమ్ముడింట్లో పదిహేను రోజులుండి ఆ ముచ్చట తీర్చుకున్నాం, నేనూ మా ఆవిడానూ.

తమ్ముడిది ఆఫీసు ఉద్యోగం. కారులో తిప్పి పెద్దపెద్దవన్నీ చూపించాడు. 2010లో తెరిచిన బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లట. మెడలు పట్టేసేదాకా చూశాం. జెబెల్ అలీలో 2022లో తెరిచిన హిందూ దేవాలయానికి వెళ్ళివచ్చాం. అంగళ్ళలో ఏం కొన్నామన్నది రాయను, ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది!

కాని ఊరిని ఊరుగా చూసింది మాత్రం ఆదివారం నాడు, నా పాత విద్యార్థి వెంట. ఇంటర్మీడియేట్‌లో నా దగ్గర తెలుగు చదివాడు. తొమ్మిదేళ్ళుగా అక్కడ గోడలకు ప్లాస్టరింగు చేస్తున్నాడు. దేరా వైపు కలుసుకుని, మనిషికి ఒక దిర్హం ఇచ్చి, ‘అబ్రా’ అనే చెక్కపడవలో అవతలి ఒడ్డుకు బయలుదేరాం. ఊరి మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ అది.

“మన మంజీరంత ఉంటదా సార్?” అన్నాడు.

“ఎంతుంటేనేం, దీంతో ఒక్క మడి తడవదు కదరా!” అన్నాను.

మడి తడవకపోయినా ఊరిని పెంచింది ఆ పాయే. 1966లో చమురు బయటపడడానికి ముందు ఆ ఊరి బతుకు ముత్యాల మీదా, పడవ బేరాల మీదా సాగింది. హైదరాబాదులో ‘బస్రా ముత్యం’ అని మురిసిపోతామే, అది ఆ సముద్రపు సరుకే. ఇంకో వింత చెప్పనా? 1966 దాకా అక్కడ చెలామణి అయింది రూపాయే! 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసం వేరే రూపాయి నోట్లు కూడా వేసింది. 1966లో మనం రూపాయి విలువ తగ్గించాక వాళ్ళు దానికి స్వస్తి చెప్పారు. ఇప్పుడు రూపాయి కోసమే మనవాళ్ళు దిర్హాలు లెక్కపెడుతున్నారు.

అవతలి ఒడ్డున అల్ ఫహీదీ అనే పాత పేట ఉంది. పర్షియాలోని బస్తక్ నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న ఇళ్ళు. చాలా ఇళ్ళమీద చతురస్రంగా ఒక గాలి గోపురం. ఎటు గాలి వీచినా పట్టి కింది గదిలోకి దింపుతుంది. వేడిగాలి మరోవైపు నుంచి పైకి పోతుంది. కరెంటు లేని రోజుల్లో అదే వాళ్ళ వట్టివేళ్ళ తడిక. నేను గోపురాలు చూస్తుంటే మావాడు గోడ తడుముతున్నాడు. సముద్రపు పగడపు రాయి, పైన జిప్సం పూత.

“మన డంగుసున్నం లెక్కనే ఉంది సార్. చేసినోడు పనిమంతుడు.” కాస్త ఆగి, “తొమ్మిదేండ్లల్ల ఇటు దిక్కు రానేలేదు సార్” అన్నాడు.

వారానికి ఒక్క సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, వండుకోవాలి, ఇంటికి పైసలు పంపాలి, ఫోను చెయ్యాలి. అంతలో పొద్దు గుంకుతుంది.

తిరిగి వస్తుంటే దూరాన ఒక మేడ చూపించాడు. “పైన బయటి గోడ ఉందే, అది నేను చేసిందే సార్.” మా ఆవిడ ఆ మేడ పడేలా అతన్ని ఫొటో తీసింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. “మిగిలిన పొద్దంతా ఎండనే గద” అని నవ్వాడు. పడవ దిగేముందు ఖర్జూరాల పొట్లం ఇస్తూ, “అమ్మ అడిగితే లోపటి పని అని చెప్పుండ్రి సార్” అన్నాడు.

బాన్సువాడ చేరిన మూడోనాడు ఆమె రానే వచ్చింది. కూర్చోకముందే, “మావాడు నీడపట్టున చేస్తుండా సార్?” అని అడిగింది. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా మా ఆవిడ పొట్లం ఆమె చేతిలో పెట్టి, ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే చూపించసాగింది. పడవ, గాలి గోపురం, గోడ తడుముతున్న కొడుకు. తర్వాతి ఫొటో మాత్రం వేలితో చప్పున దాటించేసింది.