స్క్రీన్ నల్లగా ఉండగానే బయాస్ మార్చిన సంగతి

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. మొన్న హాస్టల్ తమ్ముళ్లు ఇద్దరు "అన్నా, బొమ్మ రాకుండానే ల్యాప్‌టాప్ బాగుచేశారంట కదా, ఎట్లా?" అని అడిగారు. ఫోన్లో చెబితే సగమే అర్థమవుద్ది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. ఈ ల్యాప్‌టాప్ నా ఒక్కడిది కాదు, ఐదుగురిది. స్కాలర్‌షిప్ పడ్డ నెలలో తలా 4,800 వేసుకుని హైదరాబాద్‌లో 24,000కి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఆఫీసుల్లో ఇంజినీర్లు వాడి వదిలేసిన బరువైన రకం. ఒకడు పాలిటెక్నిక్ సివిల్, వాడికి డ్రాయింగులు. చెల్లెలు ఒకామె డిగ్రీ ప్రాజెక్టు. నేను మా ఊరి సామూహిక అటవీ హక్కుల మ్యాపు గీస్తున్నా. 2006 చట్టం కింద ఫారం సి పెట్టాలంటే సరిహద్దులు చూపించాలి కదా. పెద్దలు వాగు వెంట, గుట్ట వెంట నడిచి చూపిస్తే ఫోన్లో జీపీఎస్ పాయింట్లు తీసుకున్నాం. వాటిని క్యూజీఐఎస్‌లో కలిపే పని సగంలో ఉండగా గ్రాఫిక్స్ కార్డు పోయింది. ముందు తెర మీద గీతలు, రెండో రోజుకి ఏమీ లేదు.

షాపులో చూపిస్తే బోర్డు పోయింది, స్క్రాప్ కింద 3,000 ఇస్తా అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకంటే క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలుగుతోంది, మళ్లీ నొక్కితే ఆరుతోంది. బోర్డు చచ్చిపోతే అది జరగదు. లోపల విండోస్ నడుస్తూనే ఉంది, మనకి కనపడటం లేదంతే.

మామూలు ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్‌ని బోర్డుకే అతికించేస్తారు, మార్చడం మన వల్ల కాదు. ఈ పెద్ద రకాల్లో కొన్నిటికి ఎంఎక్స్ఎం అని చిన్న కార్డు విడిగా ఉంటుంది. స్క్రూలు తీసి, కొత్తది గుచ్చి, పేస్ట్ రాసి బిగించొచ్చు. పాత మోడల్ కార్డు దొరకలేదు. దాని తర్వాతి తరం కార్డు 3,500కి దొరికితే తెప్పించి పెట్టాం. ఫ్యాన్ తిరిగింది, లైట్లు వచ్చాయి. బొమ్మ రాలేదు. హెచ్‌డీఎంఐ పెట్టి టీవీకి కలిపినా అదే నలుపు.

ఎందుకు రాలేదో చెబుతా, ఇది తెలిస్తేనే మిగతాది అర్థమవుద్ది. పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది విండోస్ కాదు. బోర్డు మీద చిన్న చిప్‌లో ఉండే బయాస్. అది ఒక్కొక్క భాగాన్నీ పలకరించి, గుర్తుపట్టి, తర్వాతే విండోస్‌ని పిలుస్తుంది. మా బయాస్ పాతది, ఈ కార్డు మార్కెట్లోకి రాకముందు రాసింది. కొత్త కార్డు దానికి ముక్కూ మొహం తెలియని చుట్టం లాంటిది. కంపెనీ సైట్లో మా మోడల్ పేజీ తీసి, తర్వాత వచ్చిన బయాస్ వెర్షన్ల కింద నోట్స్ చదివితే ఒకదాంట్లో కొత్త గ్రాఫిక్స్ కార్డులకి సపోర్ట్ కలిపినట్టు ఉంది. మందు దొరికింది. కానీ మందు వేయాలంటే తెర కావాలి, తెర రావాలంటే మందు పడాలి.

పాత కార్డు కొన ఊపిరితో ఉంటే దాన్నే మళ్లీ పెట్టి, బయాస్ అప్‌డేట్ చేసి, అప్పుడు కొత్తది పెట్టుకోవచ్చు. అన్నిటికంటే తేలిక దారి అదే. మాది పూర్తిగా పోయింది. కొన్ని మోడళ్లలో కార్డు తీసేస్తే ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్‌తో బొమ్మ వస్తుంది. మా దాంట్లో అదీ లేదు.

మమ్మల్ని కాపాడింది రిమోట్ డెస్క్‌టాప్. ఐదుగురం వాడే మిషన్ కాబట్టి, ఎవరి ఫోన్ నుంచైనా తెరుచుకునేట్టు కొన్నరోజే ఆన్ చేసి పెట్టాం. ఇది విండోస్ ప్రోలో ఉంటుంది, హోమ్‌లో ఉండదు. అకౌంట్‌కి పాస్‌వర్డ్ కూడా ఉండాలి. దీని గొప్పదనం ఏందంటే, ఆ కనెక్షన్‌కి గ్రాఫిక్స్ కార్డుతో పనిలేదు, బొమ్మని విండోస్ తనే తయారుచేసి నెట్‌వర్క్ మీద పంపుద్ది. నా ఫోన్లో పాత పేరుతో, పాత పాస్‌వర్డ్‌తో హాట్‌స్పాట్ వేశా. రెండు నిమిషాల తర్వాత కనెక్టెడ్ డివైసెస్‌లో మా ల్యాప్‌టాప్ పేరు కనపడింది. ఆ ఐపీ నంబర్ కొట్టి లాగిన్ అయితే, ఆరంగుళాల ఫోన్లో మా డెస్క్‌టాప్, దాని మీద సగం గీసిన మా ఊరి మ్యాపు.

రిమోట్ లేనివాళ్లు ఏం చేయాలి? విండోస్ 10లో, 11లో కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే నరేటర్ లేస్తుంది. తెర మీద ఉన్నది ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. చూపు లేని మిత్రులు రోజూ అట్లాగే పనిచేస్తారు. నెమ్మదిగా అయినా పని అవుద్ది.

ఇక అసలు భయం ఇక్కడ మొదలైంది. బయాస్ రాస్తుండగా కరెంటు పోతే చిప్ సగం రాతతో ఆగిపోద్ది, ఆ తర్వాత మిషన్ లేవకపోవచ్చు. డేటా భయం లేదు, డిస్క్ తీసి వేరేదానికి పెట్టుకోవచ్చు. భయమంతా ఆ 24,000 గురించే. నా డబ్బు ఒక్కటే అయితే అప్పుడే నొక్కేవాణ్ణి. నలుగురికీ ఫోన్ చేసి, పోతే పూర్తిగా పోతుంది అని చెప్పా. ముగ్గురు సరే అన్నారు. సివిల్ తమ్ముడు మాత్రం "అన్నా, 3,000 అన్నా వస్తాయి కదా" అన్నాడు. వాడి మాట తీసేయలేం, ఆ నెల వాడి ఇంట్లో పరిస్థితి అట్లాంటిది. రెండు రోజులు ఆగాం. చివరికి వాడే ఫోన్ చేసి, మన ఊళ్లో మాత్రం చేయొద్దు అన్నాడు.

అది సరైన మాట. ఆగస్టు నెల. గాలి వీస్తే లైన్ల మీద కొమ్మ పడుద్ది, సాయంత్రం పోయిన కరెంటు తెల్లారినా రాదు. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి ప్లాంటు, రెండూ మన జిల్లాలోనే. అయినా మన గూడేల సంగతి మీకు తెలుసు. మిషన్‌ని దుప్పట్లో చుట్టి, బస్సులో గోదావరి దాటి, పాల్వంచలో ఇన్వర్టర్ ఉన్న స్నేహితుడి రూముకి తీసుకుపోయా.

అక్కడ ఫోన్లోంచే చేశాం. మోడల్ నంబర్ అడుగున స్టిక్కర్ మీదా, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోనూ రెండుసార్లు చూసుకున్నాం. వేరే మోడల్ ఫైల్ ఎక్కితే అంతే సంగతులు. తర్వాత బిట్‌లాకర్. ఇది చాలామందికి తెలియదు. డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంటే, బయాస్ మారాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అడిగేది నీలం తెర మీద, విండోస్ లేవకముందే. అక్కడ రిమోటూ ఉండదు, నరేటరూ ఉండదు. తెర ఇంకా రాకపోతే చీకట్లో ఇరుక్కుపోతాం. కాబట్టి ముందే కంట్రోల్ ప్యానెల్‌లో సస్పెండ్ చేయాలి. మాది పాత బ్యాటరీ, అయినా 60 శాతం ఎక్కింది. ఛార్జర్ గట్టిగా గుచ్చి, అప్‌డేట్ నొక్కా.

రీస్టార్ట్ అవగానే రిమోట్ తెగిపోయింది. ఇక చూసేదేమీ లేదు, వినడమే. ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో మోగింది. భద్రాచలంలో వరదప్పుడు నదిని చూడకుండానే 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది అని అంకె విని ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుంటాం కదా, అట్లా చెవితోనే అంచనా. ఫ్యాన్ ఆగింది. లైటు ఆరింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. స్నేహితుడు చెయ్యి పవర్ బటన్ దగ్గరికి తెచ్చాడు, పట్టుకుని ఆపా. బయాస్ మారేటప్పుడు మిషన్ తనంతట తనే రెండు మూడుసార్లు రీస్టార్ట్ అవడం మామూలే. ఏడు నిమిషాలు గడిచాక తెర మీద కంపెనీ లోగో వచ్చింది. సివిల్ తమ్ముడికి ఫోటో తీసి పంపా. వాడు ఏమీ రాయలేదు, వెంటనే ఫోన్ చేశాడు.

విండోస్ అసలు లేవని వాళ్లకి వేరే దారులు ఉన్నాయి. హెచ్‌పీలో చాలా మోడళ్లకి, వాళ్ల టూల్‌తోనే యూఎస్‌బీలో బయాస్ రికవరీ తయారుచేసుకుని, విండోస్ కీ, బి కీ కలిపి పట్టుకుని పవర్ నొక్కాలి. డెల్ కొత్త మోడళ్లలో రికవరీ ఫైల్ ఉన్న యూఎస్‌బీ పెట్టి, ఛార్జర్ తీసి, కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని ఛార్జర్ గుచ్చాలి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉండాలి. మీ మోడల్‌కి ఏదో సైట్లో చూసుకున్నాకే మొదలుపెట్టండి. చిప్‌కి క్లిప్ పెట్టి ప్రోగ్రామర్‌తో రాసే పద్ధతి కూడా ఉంది గానీ అది ఆఖరి దారి, చెయ్యి తిరిగినవాళ్లతోనే చేయించండి.

మా దాంట్లో అంతా బాగుపడలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ మామూలుగా ఎక్కలేదు, మాన్యువల్‌గా ఎంచుకుని ఎక్కించాల్సి వచ్చింది. బ్రైట్‌నెస్ ఇప్పటికీ తగ్గదు, రాత్రిపూట కళ్లు మండుతాయి. చెల్లెలు స్క్రీన్‌కి పల్చటి చున్నీ వేసుకుని ప్రాజెక్టు రాసుకుంటోంది. మ్యాపులో తూర్పు సరిహద్దు ఇంకా మిగిలి ఉంది. అక్కడ వాగు రెండు పాయలైంది, ఏ పాయ మనదో పెద్దల్ని అడగాలి. వానలు తగ్గాక మళ్లీ నడుస్తాం.