తుపాకీ మడమ

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాల మీద నేను పిహెచ్.డి. చేశాను. అయిదేళ్ళలో తుపాకీ అన్న మాట కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. తుపాకీ అధికారానికి ప్రతీక అని, తుపాకీ పట్టిన స్త్రీ పితృస్వామ్యం గీసిన గీత దాటిన స్త్రీ అని, ఇలాంటి వాక్యాలు నా సిద్ధాంత గ్రంథం నిండా ఉన్నాయి. కానీ అప్పటికి నేను తుపాకీని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

మన రాతల్లో తుపాకీ మడమ అంటే ఎదుటివాళ్ళ మీద పడే దెబ్బ. పోలీసులు మడమలతో పొడిచారు, రజాకార్లు మడమలతో కొట్టారు, ఇలాగే చదివాం. తుపాకీ పేల్చే మనిషి భుజానికి కూడా అదే మడమ తగులుతుందన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు. అది తెలిసింది ఒహాయో రాష్ట్రంలో, డెబ్భై ఏళ్ళ ఒకావిడ కోళ్ళగూడు వెనక.

రెండేళ్ళ పరిశోధన కోసం అమెరికా వెళ్ళినప్పుడు, యూనివర్సిటీ దగ్గర అద్దెలు భరించలేక పల్లెలో ఆవిడింట్లో ఒక గది తీసుకున్నాను. భర్త పోయి మూడేళ్ళయింది. మనిషి నాకంటే జానెడు పొడవు. వంటింటి తలుపు పైన రెండు మేకుల మీద ఒక పొట్టి తుపాకీ ఉండేది. నేను వెళ్ళిన మొదటి వారం దాని కిందనుంచి తల వంచుకుని నడిచేదాన్ని. ఆవిడా అలాగే నడుస్తుందని కొన్నాళ్ళకి గమనించాను.

ఆ చలికాలం నక్కలాంటి కయోట్లు వచ్చి నాలుగు కోళ్ళని ఎత్తుకుపోయాయి. ఆవిడ కుర్చీ వేసుకుని ఎక్కి తుపాకీ దించింది. ‘దీన్ని బాగుచేయాలి’ అంది. చెడిపోయిందా అని అడిగాను. ‘లేదు, నాకు పనికొచ్చేలా ఎప్పుడూ లేదు’ అంది.

అది పన్నెండు బోరు, ఒంటి తూటాది. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత లావు. మధ్యలో విరిచి ఒక తూటా పెట్టి, మూసి, హామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగి పేల్చాలి. అంతే. గొట్టం పద్దెనిమిదిన్నర అంగుళాలు. 1934 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం పద్దెనిమిది అంగుళాలకి తగ్గితే ప్రత్యేకంగా రిజిస్టరు చేయించుకోవాలి, లేకపోతే నేరం. కాబట్టి గొట్టం జోలికి పోకూడదు. మార్చగలిగిందల్లా మడమనే.

భర్త దాన్ని ఆవిడ కోసమే కొన్నాడట. ఆడమనిషివి, మోయలేవు, అందుకని తేలికది తెచ్చానన్నాడట. రెండున్నర కిలోల బరువు. మడమ పిల్లలకి పెట్టే కొలతలో పొట్టిగా ఉంది. దానితోబాటు ఇచ్చిన పెట్టెలో మాత్రం మూడంగుళాల మాగ్నమ్ తూటాలు, అంటే ఆ బోరులో బాగా బలమైనవి. ఒక్కసారి పేల్చింది. బొటనవేలి కణుపు ముక్కుకి తగిలి రక్తం కారింది, భుజం రెండు వారాలు నల్లగా కమిలింది. భర్త నవ్వాడు, అతని స్నేహితులూ నవ్వారు. ఆ తర్వాత తుపాకీ తలుపు మీదికెక్కింది.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఎందుకంటే నాకు అసలు విషయం ఈ లెక్కలోనే కనిపించింది. గుళ్ళు ముందుకి ఎంత జోరుతో పోతే తుపాకీ అంత జోరుతో వెనక్కి రావాలి. అదే తూటాకి తుపాకీ బరువు సగమైతే వెనక్కి వచ్చే శక్తి రెట్టింపవుతుంది. ఆటోమేటిక్ తుపాకుల్లో కొన్ని ఆ తోపుని కొంత మెత్తబరుస్తాయి. ఒంటి తూటాదానిలో ఆ ఏర్పాటేమీ లేదు, వచ్చిందంతా ఒక్కసారిగా భుజం మీదికే వస్తుంది. అంటే, ఆడదానికని దయతలచి తెచ్చిన తేలిక తుపాకీ మగవాడి బరువు తుపాకీ కంటే గట్టిగా తంతుంది. ఆ తాపు తిన్నాక, చూశావా నీకు చేతకాదు అంటారు. తెలివిగా ఆలోచించి చేసిన కుట్ర కాదది. ఎవరూ ఆలోచించకపోవడం వల్లే అలా తయారైంది. మనకి ప్రత్యేకంగా, సుకుమారంగా తయారుచేసి ఇచ్చిన ఎన్ని వస్తువులకీ ఉద్యోగాలకీ ఈ లెక్క సరిపోతుందో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

నేను పేల్చడానికి ఇంకో అడ్డుంది. నాలాగా వీసా మీద తాత్కాలికంగా ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. కాబట్టి చీమని కూడా చంపని నేను పదేళ్ళ పిల్లలతో, వాళ్ళ తండ్రులతో కలిసి వేట తరగతికి వెళ్ళి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. అమ్మకి ఫోన్లో చెబితే, ఇందుకా నిన్ను అంత చదివించింది అంది.

గరాజ్‌లో వారం రోజులు పనిచేశాం. ముందు తుపాకీ విరిచి గొట్టం ఖాళీగా ఉందని ఇద్దరం విడివిడిగా చూశాకే పని మొదలు. మడమ చివరున్న గట్టి ప్లాస్టిక్ పలక విప్పి మందపాటి మెత్తని రబ్బరు ప్యాడ్ బిగించాం. ట్రిగ్గర్ నుంచి మడమ చివరికి ఉన్న దూరం ఒక అంగుళం పెరిగింది, బొటనవేలు ముక్కుకి దూరమైంది. మడమ లోపల బోల్టు కోసం ఉన్న బోలులో సీసపు గుళ్ళ సంచీ కూరి కదలకుండా బిగించాం. బయట అయిదు తూటాలు పట్టే పట్టీ కట్టాం. అన్నీ కలిసి బరువు మూడు కిలోలు దాటింది. ప్యాడ్ కింది కొనని ఆకురాయితో గుండ్రంగా అరగదీశాం. ఆ కొన మగవాళ్ళ ఛాతీ మీద చదునుగా ఆనుతుంది. మనకి సరిగ్గా రొమ్ము పైభాగంలో గుచ్చుకుంటుంది. బ్రా పట్టీ బకిలు ప్యాడ్ కింద పడితే ఆ ఆకారంలోనే చర్మం కములుతుంది. వేట తరగతిలో ఇచ్చిన పుస్తకంలో ఇదెక్కడా లేదు.

ఆవిడకి సరిపోయింది నాకు పొడవైంది. స్త్రీల కొలత అని ఒకటి ఉండదని అప్పుడర్థమైంది. మడమని నా కొలతకే ఉంచి, తను పేల్చేటప్పుడు పైనుంచి తొడుక్కునే ఇంకో రబ్బరు తొడుగు తెచ్చింది. మాగ్నమ్ తూటాలు ఊళ్ళో దుకాణానికి ఇచ్చేసి, పాతిక గ్రాముల గుళ్ళుండే తేలిక తూటాలు కొన్నాం.

మిగతాది శరీరం నేర్చుకోవాలి. బరువైన వస్తువు ముందుకి పట్టుకుంటే మనం వెనక్కి వాలతాం. అలా వాలితే తుపాకీ పడేస్తుంది. ఎడమ కాలు ముందుకి వేసి, బరువంతా దానిమీద ఉంచి, మడమని భుజం గుంటలోకి గట్టిగా లాక్కోవాలి. భయపడి వదులుగా పట్టుకుంటేనే ఎక్కువ కొడుతుంది. చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. భుజం భయపడేది తోపుకి ఎంతో, చప్పుడుకీ అంతే.

ఒకరోజు ఆవిడ ఒక ఆట పెట్టింది. నాకు కనిపించకుండా తుపాకీలో తూటా పెట్టి ఇస్తుంది. అది నిజం తూటా కావచ్చు, ఉత్తది కావచ్చు. నేను ట్రిగ్గర్ నొక్కాను. టిక్ మంది, ఉత్తదే. కానీ గొట్టం కొన దానంతటదే కిందికి వంగిపోయింది, నా కళ్ళు మూసుకున్నాయి, భుజం ముడుచుకుంది. ఏ దెబ్బా పడలేదు. పడుతుందని నా ఒళ్ళు ముందే అనుకుంది.

తర్వాత ఆవిడ వంతు. నేను ఉత్త తూటా పెట్టాను. నాకంటే ఎక్కువగా ఉలిక్కిపడింది. తుపాకీ విరిచి బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ‘ఆయన దాన్ని నా వైపు ఒక్కసారి కూడా గురిపెట్టలేదు. తలుపు మీద ఉంటే చాలేది’ అంది. కోళ్ళకి నూకలు వేయడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

తుపాకీ స్త్రీకి విముక్తి అని ఇదంతా చదివి ఎవరైనా అనుకుంటారేమో, అది నా ఉద్దేశం కాదు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళు హత్యకు గురయ్యే ప్రమాదం పెరుగుతుందని 1990ల నుంచీ పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. ఆవిడ చేసింది తుపాకీని పూజించడం కాదు. తలుపు మీదనుంచి దించి, విప్పి, తూచి, అరగదీసి, దాన్ని వస్తువుగా మార్చుకుంది. ఇప్పుడది తాళంపెట్టిన బీరువాలో ఉంటుంది. మేకులు కూడా పీకేసింది.

మేమున్న చోటికి దగ్గర్లోనే డార్క్ కౌంటీ. అక్కడే 1860లో ఆనీ ఓక్లీ పుట్టింది. తండ్రి పోయాక చిన్నప్పుడే వేటాడి ఇల్లు నడిపిన పిల్ల. సుమారు అయిదడుగుల మనిషి. గ్రీన్‌విల్ మ్యూజియంలో ఆవిడ వస్తువులు చూస్తున్నప్పుడు అందరూ ఆవిడ గురి గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం అద్దం లోపలున్న మడమల పొడవు కళ్ళతో కొలుస్తున్నాను.

తిరిగొచ్చాక నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తేవడానికి మళ్ళీ తీశాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మళ్ళీ చదివాను. ప్రతీక, అధికారం అని నేను రాసిన చోటల్లా ఇప్పుడొక ప్రశ్న అడ్డొస్తోంది. ఆ తుపాకులు ఎవరి ఒళ్ళు కొలిచి చేసినవి? దళాల్లో చేరిన పదహారు, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలకి వాటి మడమలు ఎక్కడ ఆనాయి? మొదటిసారి పేల్చిన రాత్రి ఏ చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నారు? ఎవరైనా నవ్వారా?

దళాల్లో పనిచేసిన మల్లు స్వరాజ్యం గారు 2022లో వెళ్ళిపోయారు. ఆమెతో పోరాడినవాళ్ళలో చాలామంది అంతకుముందే పోయారు. భుజం నొప్పి పుట్టిందా అమ్మా అని అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారు. వాళ్ళు ఎంతోమంది ఉన్నప్పుడు, టేప్ రికార్డర్ పట్టుకుని వాళ్ళ ఎదురుగా కూర్చున్నప్పుడు, నాకు ఆ ప్రశ్న తెలియదు.