గోడ మీది ఖడ్గం

నా దగ్గర ఐదు ఖడ్గాలుండేవి. అన్నీ పదునులేని నకళ్లే. ఇటీవల ఆరవది చేరింది. అది మధ్యయుగపు ఐరోపా ఖడ్గానికి నకలు. తిన్నని రెండంచుల అలుగు, రెండు చేతులా పట్టదగిన పిడి, శిలువను తలపించే అడ్డుపట్టీ. మదర్సా ఉపాధ్యాయుని ఇంట ఇదేమిటని మీకనిపించవచ్చు. నన్ను ఆకర్షించింది దాని అలుగుపై చెక్కిన అరబీ వాక్యం.

ఐరోపాలో తయారైన ఇటువంటి ఖడ్గాలు అనేకం మమ్లూకుల కాలంలో ఈజిప్టుకు చేరాయి. అక్కడి పాలకులు వాటిని అలెగ్జాండ్రియా ఆయుధాగారానికి వక్ఫ్ చేసి, ఆ మాటనే ఉక్కుపై చెక్కించారు. 1517లో ఈజిప్టు ఉస్మానీల వశమైన తరువాత వాటిలో కొన్ని ఇస్తాంబుల్ చేరాయి.

ఆ వారం తరగతిలో వక్ఫ్ పాఠం నడుస్తోంది. వక్ఫ్ ఆస్తిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. పాఠానికి ఉదాహరణగా ఖడ్గాన్ని తీసుకువెళ్లి కాస్త గర్వంగానే చూపాను. ఒక పిల్లవాడు ఆ వాక్యాన్ని కూడబలుక్కుని చదివి, “ఉస్తాద్, వక్ఫ్ అని రాసి ఉంది కదా! మరి మీ ఇంట్లో ఎందుకుంది?” అని అడిగాడు.

నకలుకు ఆ నియమం వర్తించదన్నాను. సమాధానం సరైనదే. కాని ఇషా నమాజు తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను విడువలేదు. పాలకులు తమది కాదనుకున్న వస్తువు నకలును నాదని చెప్పుకుని మురిసిపోతున్నానే!

మరునాడే ఖడ్గాన్ని మదర్సా గ్రంథాలయానికి వక్ఫ్ చేశాను. ఇంటి గోడకు మేకు మాత్రం మిగిలింది. పీకేయమంటుంది నా శ్రీమతి. ఉండనీయమన్నాను. నాకు అదీ ఒక పాఠమే.