కనిపించని చుక్కతో కాలం లెక్క

జూన్ 8 దగ్గర పడుతోందంటే తెలంగాణ పల్లెల్లో మిరుగం మాట మొదలవుతుంది. ఆ రోజు ఇంట్లో చేపల కూర ఉండాల్సిందే. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు దొరకదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరతారు. కోస్తాలో అదే రోజును మృగశిర కార్తె ప్రవేశం అంటారు. ఇంతమంది తలచుకునే ఆ మృగశిర ఆకాశంలో ఎక్కడుందని అడిగితే మాత్రం చూపించగలిగేవాళ్లు అరుదు. పోనీ, తెలిసినవాళ్లు ఆ రోజే చూపిద్దామన్నా కుదరదు. ఆ రోజుల్లో మృగశిర సూర్యుడున్న దిక్కునే, పగటి వెలుగులో మునిగి ఉంటుంది.

కార్తె లెక్కలోని గొప్పతనమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. చంద్రుడు రోజుకో నక్షత్రం చొప్పున దాటేస్తాడు. సూర్యుడికి ఒక్కో నక్షత్రం దాటడానికి 13 లేదా 14 రోజులు పడుతుంది. అలా 27 దాటితే ఏడాది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె. అంటే కార్తెకు పేరిచ్చిన చుక్క ఆ కార్తెలో చాలావరకు కంటికి ఆనదు. చూడలేని చుక్కను పట్టుకుని విత్తనం ఎప్పుడు వేయాలో తేల్చుకున్నారు మన రైతులు. ఎలా? తెల్లవారుజామున సూర్యుడికి ముందు ఏ చుక్క పొడుస్తోంది, పొద్దుగూకాక ఏది కుంకుతోంది, నడిరేయి ఏది నడినెత్తికి వస్తోంది అని చూసుకుంటే, మధ్యలో సూర్యుడు ఎవరి దగ్గరున్నాడో తేలిపోతుంది. మృగశిర కార్తెలో మబ్బు లేని అర్ధరాత్రి దక్షిణం వైపు చూడండి. ఎర్రటి జ్యేష్ఠ, దాని కింద కొండిలా వంకర తిరిగిన మూల నక్షత్రం కనిపిస్తాయి. అవి అక్కడున్నాయంటే మృగశిర సరిగ్గా మన కాళ్ల కింద, భూమికి ఆవలి పక్కన సూర్యుడితో ఉందన్నమాట.

చైత్ర వైశాఖాలు ఉండగా ఈ రెండో లెక్క ఎందుకంటే, వాన చంద్రుడి మాట వినదు. మన నెలలకు పున్నమి చంద్రుణ్ని బట్టే పేర్లు వచ్చాయి. పున్నమి నాడు చంద్రుడు కృత్తిక దగ్గరుంటే కార్తికం, చిత్త దగ్గరుంటే చైత్రం. అలాంటి 12 నెలలు కలిపినా 354 రోజులే. ఏటా 11 రోజులు తరుగు. ఆ తరుగు పూడ్చడానికి దాదాపు మూడేళ్లకోసారి అధికమాసం వేస్తాం. అందుకే వినాయక చవితి 2022లో ఆగస్టు 31న వస్తే, అధిక శ్రావణం వచ్చిన 2023లో సెప్టెంబరు 18కి జరిగింది. పండగ జరిగితే ఇబ్బంది లేదు. నారుమడి జరగకూడదు కదా! నైరుతి గాలి సూర్యుడి వెంట వచ్చేది. కాబట్టి పూజకు తిథి, దుక్కికి కార్తె. ఒకే పంచాంగంలో రెండు గడియారాలు పెట్టుకుని ఏ పనికి ఏది చూడాలో తెలుసుకున్న తెలివి అది. దాన్ని జాతకాల ఖాతాలో వేసి పక్కన పెట్టడం నాకు బాధగా ఉంటుంది. పెళ్లి సంబంధం వస్తే "అమ్మాయిది ఏ నక్షత్రం?" అని అడుగుతాం. ఆ నక్షత్రాన్ని ఆ అమ్మాయికి ఒక్క రాత్రయినా చూపించిన ఇల్లు ఎన్ని?

చూపించడం కష్టమేమీ కాదు. ధనుర్మాసంలో రాత్రి ఎనిమిదింటికి మేడ మీదికెక్కి తూర్పుకు తిరిగితే చాలు. బాగా పైన చిన్న గుంపుగా కృత్తిక. పిల్లలకోడి అని పల్లెల్లో పిలిచేది దీన్నే. దాని కింద నారింజ రంగులో ఒంటరిగా వెలిగేది రోహిణి. ఇంకా కిందికి దిగితే వరసగా మూడు చుక్కలు దాదాపు నిలువుగా నిలబడి ఉంటాయి, వాటిని గుర్తుపట్టనివాళ్లుండరు. ఆ మూడింటికి ఎడమ పక్కన ఎర్రగా మండేది ఆరుద్ర. ఆరుద్రకు కాస్త పైగా మూడు సన్నని చుక్కలు ముక్కోణంలా ఒదిగి ఉంటాయే, అదీ మృగశిర. నగరం దీపాల్లో రోహిణి, ఆరుద్ర దొరుకుతాయి కానీ మృగశిర దొరకదు, ఊరు దాటాలి. ఆ ముక్కోణం దొరికాక ఒక్కసారి పైనుంచి కిందికి మళ్లీ చదువుకోండి. కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర. మే 11, మే 25, జూన్ 8, జూన్ 22. వడగాడ్పులు, రోళ్లు పగిలే ఎండ, తొలకరి, ముసురు. వేసవి నుంచి వానాకాలం దాకా ఉన్న కార్తెలన్నీ చలి రాత్రి తూర్పున వరసగా కనిపిస్తాయి. ఇంకాసేపు ఆగితే పునర్వసు జంట కూడా దిగువన బాగా కనిపిస్తుంది.

ఆరుద్ర దగ్గర కాసేపు ఆగాలి. దాన్ని తెచ్చి సూర్యుడి చోట పెడితే భూమినీ కుజుణ్నీ కూడా మింగేసేంత పెద్దది. 2019 చివర్లో అది మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరికి దాని మామూలు వెలుగు మూడో వంతుకు పడిపోయింది. పేలిపోతుందేమోనని ప్రపంచమంతా కన్నార్పకుండా చూసింది. తీరా తేలిందేమంటే, అది బయటికి చిమ్మిన వాయువు చల్లబడి ధూళిగా మారి దానికే అడ్డుపడింది. ఆ వసంతానికల్లా తేరుకుంది.

దాని పేరు పెట్టుకున్న ప్రాణి ఒకటి నేల మీద ఉంది. తొలి వానలకు చెలకల్లో, ఇసుక నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఒళ్లంతా ఎర్రటి మఖమల్. అరచేతిలో పెట్టుకుంటే ముందు కాళ్లు ముడుచుకుని కదలకుండా పడుంటుంది. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటే ఒక్కో కాలూ బయటపెట్టి మెల్లగా నడక సాగిస్తుంది. లెక్కపెడితే ఎనిమిది కాళ్లు, సాలెపురుగు బంధువు. మందులు కొట్టిన చేలల్లో ఇప్పుడు వెతికినా కనబడడం లేదని రైతులే అంటున్నారు.

కార్తెల వరసలో ఇంకాస్త ముందుకెళ్తే మఖ, దాని తర్వాత వచ్చేది పుబ్బ. మఖలో పుట్టి పుబ్బలో పోయిందని పత్రికల్లో రాజకీయ పార్టీల గురించి రాస్తుంటారు. రెండు వారాల బతుకని దాని అర్థం. ఆ తర్వాతిది ఉత్తర, సెప్టెంబరు 13 ప్రాంతం. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఉత్తర దాకా ఎదురుచూడు, అప్పటికీ చెరువు నిండకపోతే, చేను తడవకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదిలిపో అని. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి తరతరాలుగా వలస పోయినవాళ్ల బతుకు ఈ నాలుగు మాటల్లో ఉంది. వాళ్లు ఆకాశాన్ని చూసింది అందం కోసం కాదు. ఉండాలా పోవాలా అన్నది తేల్చుకోవడానికి ఒక గడువు కావలసి చూశారు.

ఈ గడువులూ స్థిరం కావు. భూమి ఇరుసు దాదాపు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు చొప్పున నెమ్మదిగా ఊగుతుంది. దానివల్ల నక్షత్రాల ఏడాది, రుతువుల ఏడాదికన్నా 20 నిమిషాలు ఎక్కువ. 71 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే అయినా మనం జనవరి 14నో 15నో సంక్రాంతి చేసుకోవడం ఈ జరుగుడు వల్లే. వెయ్యేళ్లకు ఇది 14 రోజులు, అంటే అచ్చంగా ఒక కార్తె. నన్నయ రాజమహేంద్రవరంలో ఉన్న కాలంలో సూర్యుడు మృగశిరలో అడుగుపెట్టిన రోజుకు ఇప్పటి మే 25 నాటి ఎండ కాసేది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్న సామెత అప్పటిది కాకపోవచ్చని నా అనుమానం. అప్పటి ఎద్దు ఆరుద్ర దాకా ఆగి ఉండాలి. రైతులు చుక్క పేరును గుడ్డిగా పట్టుకోలేదు, వాన ఎటు జరిగితే సామెతను అటు జరుపుకుని ఉంటారు. ఇంకో వెయ్యేళ్లకు జూన్ 8న సూర్యుడుండేది రోహిణి ముంగిట. రోళ్లు పగలగొట్టే పని అప్పటికి కృత్తికది, తొలకరి రోహిణిది.