ఒకే స్తంభము – రెండు కొలువులు

పర్చూరునుండి చిలకలూరిపేటకు పోవు బాటకు ఇరువైపుల నల్లరేగడి నేల కనుచూపుమేర పఱచుకొనియుండును. శీతకాలమున ఒక చేను ప్రత్తితో తెల్లనై, ప్రక్క చేను మిరపపండ్లతో ఎఱ్ఱనై కన్పట్టును. చేలగట్ల వెంబడి సిమెంటు స్తంభములు వరుసగా నిలిచి తీగలను మోయుచుండును. పొలమున మోటారు తిరుగుటకును, గుంటూరు శీతలగిడ్డంగులలో మిరపబస్తాలు చెడకుండుటకును ఆ తీగలే ఆధారము. ఆ తీగలకు ఆధారము స్తంభమెక్కు మనుష్యుడు.

ఆ ప్రాంతపు పల్లెలో ఒక కౌలురైతు కుమారుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను విద్య ముగించి యింటికి వచ్చినాడనుకొనుడు. అతని మేనమామ విద్యుత్ పంపిణీ సంస్థలో లైన్‌మన్. పినతండ్రి కాంట్రాక్టరు క్రింద స్తంభములు పాతు ముఠాకు మేస్త్రి. ఒకనాటి రాత్రి మిరపకల్లమునొద్ద కాపలాయున్నప్పుడు ఆ కుఱ్ఱవాని కొలువును గూర్చి వారిద్దఱకు ప్రసంగము సాగినది.

“అల్లుడా! తొందరపడకుము. ప్రకటన వెలువడువఱకు ఓపికపట్టుము. సంస్థలో కొలువు దొరకినచో నెల తిరుగగనే జీతము వచ్చును” అనెను మేనమామ.

“బావగారి మాట నిజమే. కాని ఆ ప్రకటన ఏనాడు వచ్చునో ఎవ్వరెఱుగుదురు? నాయనా! సోమవారమున నా వెంట రమ్ము. కౌలుబాకీయు తీరును, పనియు పట్టుబడును” అనెను పినతండ్రి.

ఇరువురి మాటలును సత్యములే. 1959 ఏప్రిల్ 1వ తేదీన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన నాటినుండి లైన్‌మన్ కొలువు పల్లెలలో గౌరవము గలదిగా నున్నది. 1999లో ఆ మండలి విభజింపబడెను. పిమ్మట పంపిణీ సంస్థలు వెలసెను. 2019లో గ్రామ సచివాలయముల కొఱకు జూనియర్ లైన్‌మన్లను ఎన్నుకొన్నప్పుడు, ఐ.టి.ఐ. మొదలగు చదువులు చదివినవారిచే స్తంభమెక్కించి, సైకిలు తొక్కించి, మీటరు చదివించి చూచిరి. కొలువు దొరకినవానికి జూనియర్ లైన్‌మన్, అసిస్టెంట్ లైన్‌మన్, లైన్‌మన్, లైన్ ఇన్‌స్పెక్టర్ అని మెట్లు కలవు. కాని అట్టి అవకాశము ఏటేట రాదు.

కాంట్రాక్టరు పనిలో వేచియుండుట లేదు. గుంట త్రవ్వుట, స్తంభము నిలుపుట, తీగ లాగుట, ట్రాన్స్‌ఫార్మరును దిమ్మె కెక్కించుట అన్నియు కొలదికాలముననే చేతికి వచ్చును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి గాలివానలకు స్తంభములు కూలినప్పుడు ముఠాల చేతి చలువ అందఱకును తెలియును. అయినను టెండరు ముగిసిన పని ముగియును. బిల్లు ఆలస్యమైన కూలియు ఆలస్యమగును. కాంట్రాక్టరు కూలి చెల్లింపనిచో పని చేయించుకొన్న ప్రధాన యజమానియే చెల్లింపవలెనని 1970 నాటి చట్టమే నిర్ణయించినది. కాని పట్టీలో పేరు లేనివాడు ఆ హక్కును నిరూపించుకొనుట కష్టము.

కుఱ్ఱవాడు అంతయు విని, “బాబాయీ! మీ ముఠా తీగలమీద పని చేయునప్పుడు లైన్ క్లియర్ ఎవరు తీసికొందురు?” అని యడిగెను.

“సంస్థవారే. ‘ఆపినాము, ఎక్కుడు’ అని ఫోనులో చెప్పుదురు.”

“ఆ కాగితము మీరు చూతురా?”

పినతండ్రి బదులు పలుకలేదు.

లైన్ క్లియర్ అనగా తీగలో విద్యుత్తు నిలిపితిమని సబ్‌స్టేషనువారు ఇచ్చు అనుమతి. స్విచ్చి తెఱచి, తాళము వేసి, తీగలో ప్రవాహము లేదని పరీక్షించి, పనిచోటికి ఇరువైపుల ఎర్తురాడ్లు తగిలించిన తరువాతనే చేయి వేయవలెను. ఏలయన ఎవ్వరో జనరేటరు నడిపినను, అది సరిగా వేఱుచేయబడనిచో, ఆ విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వెనుకకు పోయి పదునొకండు వేల వోల్టుల తీగను మరల ప్రాణాంతకము గావింపగలదు. క్రిందనున్నవాని పొరపాటునకు పైనున్నవాడు బలియగును.

పిమ్మట కుఱ్ఱవాడు మేనమామవైపు తిరిగెను. “మామయ్యా! మీరు ప్రతి పర్యాయమును సేఫ్టీబెల్టు కట్టుకొని, ఎర్తురాడ్డు తగిలించియే ఎక్కుదురా?”

“చేను ఎండుచున్నదని రైతు తలవద్ద నిలిచి తొందరపెట్టునప్పుడు...” అని మేనమామ మాట పూర్తిచేయక తల వంచుకొనెను.

కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. అప్పుడు కుఱ్ఱవాడిట్లనెను: “బాబాయీ! సోమవారమున మీ వెంట వత్తును. నా పేరు హాజరుపట్టీలో నుండవలెను; భవిష్యనిధి నా పేర కట్టవలెను. లైన్ క్లియర్ కాగితము కన్నులార చూచి, ఎర్తురాడ్డు తగిలించిన పిమ్మటనే ఎక్కుదును. మామయ్యా! ప్రకటన వచ్చిననాడు తప్పక దరఖాస్తు చేసెదను. ఆ కొలువు వచ్చినను ఈ నియమము విడువను.”

పినతండ్రికి మొదట కోపము వచ్చెను. “ఇన్ని షరతులు పెట్టువానిని కాంట్రాక్టరు పనిలో పెట్టుకొనునా?” అనెను. పిదప, తన ముఠాలో ఏ ఒక్కని పేరును పట్టీలో నున్నదో లేదో తానెన్నడును చూడలేదని అతనికి తోచెను. “రేపు నీ పేరుతోపాటు అందఱి పేర్లును వ్రాయింపుమని అడిగెదను” అనెను.

జీతము, సెలవు, గౌరవము, చేతిపని – వీనిని తూచి కొలువు నెన్నుకొనుట తగినదే. కాని త్రాసులో మొదట వేయవలసినది వేఱొకటి కలదు. తాను స్తంభముపై నున్నప్పుడు క్రింద తనకు జవాబుదారి యెవరు? ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకిన చోటనే పని చేయుట మేలు. దొరకనిచోట అడిగి రాబట్టుకొనుట విధి. విద్యుత్తు ఎవని పేరు ఏ పట్టీలో నున్నదో విచారింపదు. ఆ విచారణ మనుష్యులే ముందుగా చేసికొనవలెను.