జరిగినదాన్ని దేవుడు మార్చగలడా?

తాను ఎత్తలేనంత బరువైన శిలను దేవుడు సృజించగలడా? వినోదార్థం అడిగే ఈ ప్రశ్నకు క్రైస్తవ పండితులిచ్చే సమాధానం ప్రసిద్ధమే. సర్వశక్తుడు ఎత్తలేని శిల అన్నది వంధ్యాపుత్రుని వంటి వ్యాహతోక్తి. అటువంటి వస్తువే లేదు కనుక దాన్ని చేయకపోవడం శక్తిలోపం కాదు. వారిని నిజంగా కలవరపెట్టిన ప్రశ్న వేరు.

సుమారు 1065లో పీటర్ డామియన్ అనే సన్న్యాసి, ఇటలీలోని మోంటే కాసినో మఠాధిపతి డెసిడేరియస్‌కు సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. భ్రష్టమైన కన్యాత్వాన్ని దేవుడు సైతం తిరిగి ఈయలేడని పూర్వాచార్యుడైన జెరోమ్ అన్న మాటపై, ఒకనాడు భోజనవేళ వారిరువురికీ వాదం జరిగింది. ‘ఈయలేడు’ అన్న పదాన్ని డామియన్ సహించలేకపోయాడు. దేవునికి సమస్తమూ నిత్యవర్తమానమే కదా, ఆయన శక్తికి గతకాలం అడ్డుకట్ట ఎలా అవుతుందని అతని ఆవేదన. భక్తి ఉన్నతమే, తర్కం మాత్రం తడబడింది.

రెండు శతాబ్దాల తరువాత థామస్ అక్వినాస్ ఈ ముడిని విప్పాడు. జరిగినది జరగలేదనడం విరుద్ధోక్తి. అది దైవశక్తికి విషయమే కాదు. పతితురాలి దేహమనస్సులలోని సమస్త కాలుష్యాన్నీ దేవుడు తొలగించగలడు. ఆమె ఒకనాడు పతితురాలైనదన్న వాస్తవం మాత్రం నిలిచే ఉంటుంది. పాపి విషయంలోనూ అంతే.

తన గతమే లేకుండా పోవాలని కన్నీటితో ప్రార్థించేవానికి ఈ మాట కఠినంగా తోచవచ్చు. కానీ అక్వినాస్ అతనికి శుద్ధిని నిరాకరించలేదు, విస్మృతిని మాత్రమే నిరాకరించాడు.