మధ్యరకం ముక్కలు

పేకాట గురించి రాస్తోందేమిటి ఈవిడ అని ముక్కు విరవకండి. డబ్బులు పెట్టి ఆడింది కాదు, చింతపిక్కలతో ఆడింది. మా పుట్టింట్లో పండగంటే రమ్మీ ఉండాల్సిందే. మొన్న సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు, "ఎప్పుడూ అదేనా అక్కా, ఈసారి పోకర్ నేర్పిస్తా" అంటూ మనిషికి 50 పిక్కలు పంచాడు.

ఆట తేలికే. మనిషికి రెండు ముక్కలు, ఎవరికీ చూపించకూడదు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు విప్పుతారు. ముందు మూడు ఒకేసారి, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి. ఈ ఏడింటిలోంచి ఎవరి ఐదు గొప్పవైతే కుప్ప వాళ్ళది. చేతి ముక్కలు పంచగానే ఒకసారి, ఆ తర్వాత విప్పినప్పుడల్లా ఒకసారి పందెం. ఆసుల జత వస్తే చిక్కు లేదు, పెడతాం. ఏమీ రాకపోయినా చిక్కు లేదు, పారేస్తాం. బుర్ర తినేవన్నీ మధ్యరకం ముక్కలే.

రమ్మీలోనూ అలాంటి చేతులొస్తాయి కదా. జోకరొకటి, సగం కుదిరిన సీక్వెన్సు ఒకటి, మిగతావన్నీ చెత్త. మా ఇంటి లెక్కలో మొదట్లోనే డ్రాప్ చేస్తే 20, కూర్చున్నాక ఎదుటివాళ్ళు షో చెప్తే 80 దాకా పడుతుంది. పారేస్తావా, కూర్చుంటావా? రెండే దారులు. పోకర్లో మూడోది ఉంది, చెక్. మన వంతు వచ్చేసరికి ఎవరూ పందెం పెట్టకపోతే పిక్క తియ్యకుండా, ముక్కలు పారెయ్యకుండా 'చెక్' అని ఊరుకోవచ్చు. నాకు ఈ మూడోది తెగ నచ్చింది. బీయే తెలుగు చదివిన పాపానికి దీనికో మాట వెతికాను. తూష్ణీంభావం! తమ్ముడు దణ్ణం పెట్టేశాడు.

ఒక ఆట చెప్తాను. నా చేతిలో ఆసు, తొమ్మిది. కింద రాజు, తొమ్మిది, నాలుగు పడ్డాయి, మూడూ వేరువేరు రంగులు. అంటే నాకు తొమ్మిదుల జత. మా ఆయనా, మరదలూ అప్పటికే పారేశారు. ఇక తమ్ముడూ, నేనూ. ముందు మాట్లాడాల్సింది నేను. పది పిక్కలు తోస్తే? వాడి దగ్గర రాజుంటే సంతోషంగా ఇస్తాడు. ఏడుల జత లాంటిదుంటే పారేసి లేస్తాడు. నాకన్నా పెద్ద చెయ్యి కూర్చుంటుంది, చిన్న చెయ్యి పారిపోతుంది. ఇంక పందెం ఎవరికోసం? చెక్ అన్నాను. వాడూ చెక్ అన్నాడు. నాలుగో ముక్క రెండు. మళ్ళీ చెక్ అంటే వాడు ఎనిమిది పిక్కలు తోశాడు. ఇచ్చాను. చివరి ముక్కకి ఇద్దరం ఊరుకున్నాం. విప్పితే వాడి దగ్గర రాణి, జాకీ. పది పడితే వరస కుదురుతుందన్న ఆశ తప్ప ఏమీ లేదు.

ప్రతిసారీ ఊరుకోమని కాదండోయ్. ఎదురుగా మా ఆయనుంటే పెట్టాల్సిందే. ఆయన "చూద్దాం" అని నాలుగుల జతకి కూడా పిక్కలిస్తారు. కింద రెండు ఆఠీన్లు పడినా పెట్టాలి, లేకపోతే మూడో ఆఠీనుకి ఎదురుచూసేవాళ్ళకి తర్వాతి ముక్క ఉచితంగా చూపించినట్టే. ఆఖరున మాట్లాడేది మనమై, ముందువాళ్ళు రెండుసార్లు చెక్ అన్నారంటే మన తొమ్మిదుల జతే పెద్దదేమో, చిన్న పందెం పెట్టి చూడొచ్చు.

ఆ రాత్రే, అమ్మ పడుకున్నాక, వాడు ఇల్లు అమ్మే మాట ఎత్తాడు. తాతగారి నాటి పెంకుటిల్లు. అమ్మ ఒక్కత్తే ఉంటోంది. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వపు చట్టం ప్రకారం అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా. నాకప్పుడు నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదని వేరే చెప్పాలా? కానీ నా పెళ్ళికి బంగారం పెట్టారు, కట్నం ఇచ్చారు. నాన్న ఆస్పత్రి ఖర్చంతా తమ్ముడే భరించాడు. చెయ్యి గొప్పదీ కాదు, పారేసేదీ కాదు.

"నా వాటా సంగతేంట్రా" అంటే వాడు ఇంక నోరు విప్పడు. "సంతకం పెడతాలే" అంటే అమ్మ ఎక్కడుంటుంది? "ఊఁ, చెప్పరా" అన్నాను, అంతే. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, నా ఊఁ-లో అంగీకారం పావు వంతు కూడా లేదు.

కాసేపు గోడకేసి చూసి వాడే చెప్పాడు. ఆఫీసులో తన టీములో సగం మందిని తీసేశారట. ఉద్యోగం పోతే వాడి వీసా మీద ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజుల వరకే గడువు. అక్కడి ఇంటి అప్పు నెత్తిమీదుంది. వాడి పిల్లలకి తెలియదు, అమ్మకి అసలే తెలియదు. (ఇదంతా వాడు రాయమన్నాకే రాస్తున్నాను. అమ్మ ఇవి చదవదు.)

అప్పుడు మాత్రం నేను ఊరుకోలేదు. "అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ఇల్లు కదపొద్దు. అవసరం పడితే నా బంగారం బ్యాంకులో పెట్టి పంపిస్తా" అన్నాను. మా ఆయన్ని అడక్కుండానే అన్నాను. ఆయన మర్నాడు విని, "సరే, చూద్దాం" అన్నారు.

తమ్ముడి ఉద్యోగం ఇప్పటికైతే ఉంది. నా వాటా మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మ మాత్రం వానలు రాకముందే పెంకులు సర్దించాలని మేస్త్రీకి కబురు పంపింది.